ముట్టుకునే ముందు చూడండి: సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ తేడాలు

(ఈమధ్య పాత కార్లు కొన్నవారి కోసం ఏర్పాటైన సభలో ఒక గేర్‌బాక్స్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ.

సభ మొదలవకముందే మీ ప్రశ్నలు చీటీల మీద నా చేతికొచ్చాయి. అన్నీ చదివాను. దాదాపు అందరిదీ ఒకటే మాట: "బండి జర్క్ ఇస్తోంది, గేర్‌బాక్స్ పోయినట్టేనా?" దాని కిందే ఇంకో మాట: "ఎందుకైనా మంచిదని ఆయిల్ మార్పించాను, బ్యాటరీ వైరు కూడా ఒకసారి తీసి పెట్టించాను, అయినా తగ్గలేదు." నేను ఇవాళ మాట్లాడబోయేది ఈ రెండో మాట గురించే.

సొంతంగా కొత్తగా కొనుక్కుని పదేళ్లు నడిపిన బండి అయితే దాని చరిత్రంతా మీకు తెలుసు. ఎప్పుడు ఆయిల్ మార్చారు, ఎప్పుడు వేడెక్కింది, ఎప్పటినుంచి ఈ జర్క్ మొదలైంది, అన్నీ చెప్పగలరు. నిన్నగాక మొన్న కొన్న పాత బండికి ఆ చరిత్ర ఉండదు. అమ్మినవాళ్లు చెప్పింది ఎంత నిజమో తేలదు. అలాంటప్పుడు మీకు దొరికే సాక్ష్యం అంతా బండిలోనే ఉంటుంది: గేర్‌బాక్స్‌లో ఉన్న పాత ఆయిల్, గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్‌లో దాగి ఉన్న తప్పుల కోడ్‌లు, క్లచ్‌లు ఎంత అరిగాయో చూసుకుంటూ ఆ కంప్యూటర్ తనకు తాను నేర్చుకున్న లెక్కలు. ఆయిల్ పారబోస్తే మొదటిది పోయింది. కోడ్ చెరిపితే రెండోది పోయింది. మూడోది రీసెట్ కొడితే పోతుంది, కొన్ని మోడళ్లలో బ్యాటరీ తీసినా పోతుంది. ఆ తర్వాత నాలాంటివాడి షెడ్డుకి తెచ్చి "ఏమైందో చెప్పండి" అంటే, చెప్పడానికి మా దగ్గర మిగిలేది మీ మాట ఒక్కటే.

కాబట్టి కొన్న మొదటి వారం బండిని చూడండి, వినండి, రాసుకోండి. పానా పట్టకండి.

ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోవాలి. క్లచ్ పెడల్ లేని ప్రతిదాన్నీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల చూస్తే నాలుగు వేర్వేరు యంత్రాలు. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్ ఒకటి. రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టుతో నడిచే సీవీటీ ఒకటి. రెండు క్లచ్‌ల డీసీటీ ఒకటి. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కి గేరు మార్చే మోటార్లు బిగించిన ఏఎంటీ ఒకటి. ఒకదానిలో జబ్బు అయినది ఇంకోదానిలో స్వభావం. ఏఎంటీలో గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం పికప్ వదిలేసి తల ముందుకు ఊగుతుంది. అది దాని పుట్టుక, రిపేరు లేదు. సీవీటీలో గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత ముందు పెరిగి, వేగం వెనకాల నెమ్మదిగా అందుకుంటుంది. అదీ మామూలే. అదే టార్క్ కన్వర్టర్ బండిలో రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ఒక్కసారి పైకి లేచి కిందికి వచ్చిందంటే మాత్రం లోపల క్లచ్ జారుతోందని అర్థం.

రకం తెలియకపోతే ఓనర్ మాన్యువల్ తీయండి. అమ్మినవాళ్ల మాట మీద వెళ్లకండి, వాళ్లకీ తెలియకపోవచ్చు.

ఇక పరీక్షల సంగతి. నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది పొద్దున్న పరీక్షని. రాత్రంతా కదలకుండా ఉన్న బండి కావాలి. షెడ్డుకి నడిపి తెచ్చిన బండిలో ఇది కుదరదు, అందుకే ఇది మీరే చేయాలి. హ్యాండ్ బ్రేక్ లాగండి. ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. వెంటనే గేరు వేయొద్దు. చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది, అప్పుడు వేస్తే మంచి బండి కూడా ధబ్‌మంటుంది. ఆర్‌పీఎం దిగేదాకా ఆగండి. ఇప్పుడు బ్రేక్ మీద కాలు తీయకుండా పార్క్ నుంచి రివర్స్‌కి వేయండి. గేరు పట్టుకున్నప్పుడు బండి చిన్నగా కుదురుకున్నట్టు ఒక కదలిక తెలుస్తుంది. లివర్ కదిపిన క్షణం నుంచి ఆ కదలికదాకా ఎంతసేపు పట్టిందో చూడండి. సెకను అటూ ఇటూ అయితే ఫరవాలేదు. రెండు సెకన్లు దాటితే రాసుకోండి. తర్వాత న్యూట్రల్, తర్వాత డ్రైవ్, మళ్లీ అదే లెక్క.

రివర్స్‌ని విడిగా చూడమనడానికి కారణం ఉంది. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కి ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కావాలి. పంపు నీరసపడినా, సీళ్ల దగ్గర ప్రెషర్ కారిపోతున్నా ముందు రివర్స్‌లోనే బయటపడుతుంది. ముందుకి శుభ్రంగా పోతూ రివర్స్‌లో మాత్రం ఆలోచించుకుని కదిలే బండిని "చిన్న తేడా" అని వదిలేయకండి.

తర్వాత అరగంటకు పైగా, ట్రాఫిక్‌లో, ఎత్తు రోడ్డు మీద నడిపి, బాగా వేడెక్కాక ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. ఈ రెండింటి మధ్య తేడాలోనే సగం జవాబు ఉంటుంది. ఆయిల్ చల్లగా ఉంటే చిక్కగా, వేడెక్కితే పల్చగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారుతోందంటే, పల్చబడిన ఆయిల్ అరిగిన సీళ్లు, వాల్వ్‌ల పక్కనుంచి జారిపోయి ప్రెషర్ నిలవడం లేదని అనుమానించాలి. పొద్దున్న మాత్రమే మొరాయించి పది నిమిషాలకు సర్దుకుంటోందంటే, గట్టిపడిన రబ్బరు సీళ్లో, అంటుకుపోతున్న వాల్వో. రెండూ "జర్క్" పేరుతోనే నా దగ్గరికి వస్తాయి, రిపేరు మాత్రం వేరు.

ఏ గేరులో తేడా వస్తోందో కూడా పట్టుకోండి. ఇది చాలామంది అసలు చూడరు. గేరుకో క్లచ్ అని ఉండదు లోపల. ఒకే క్లచ్ రెండు మూడు గేర్లకు పనిచేస్తుంది. బాగా ప్రచారంలో ఉన్న ఒక రకం ఆరు గేర్ల బాక్సుల్లో 3, 5, రివర్స్, ఈ మూడింటికీ ఒకటే క్లచ్. ఇప్పుడు చూడండి: ఒకాయన వచ్చి రివర్స్ ఆలస్యంగా పడుతోంది, రెండు నుంచి మూడుకి ఆర్‌పీఎం ఎగురుతోంది, హైవే మీద ఐదు కూడా సరిగా పట్టడం లేదు అంటాడు. ఆయన లెక్కలో అవి మూడు జబ్బులు, గేర్‌బాక్స్ మొత్తం అయిపోయినట్టు. నా లెక్కలో అది ఒక్క క్లచ్, లేదా దానికి ఆయిల్ పంపే ఒక్క దారి. ప్రతి గేర్‌బాక్స్‌కీ ఏ గేరులో ఏ క్లచ్ పట్టుకుంటుందో చెప్పే పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మీ మెకానిక్ ఆ పట్టిక తెరిచాడంటే మంచి చేతుల్లో పడ్డారన్నమాట. (నవ్వులు)

డీసీటీలోనూ ఇలాంటి సదుపాయమే ఉంది. చాలావాటిలో బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లు ఇంకో క్లచ్ మీద నడుస్తాయి. 1, 3, 5 పడుతూ 2, 4, 6 రావడం లేదంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయింది.

చీటీల్లో ఎక్కువమంది రాసింది వణుకు గురించి. 50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, రోడ్డు మీద వేసే గరుకు చారల మీదుగా పోతున్నట్టు రెండు మూడు సెకన్లు గరగరా వణికి ఆగిపోవడం. టార్క్ కన్వర్టర్ లోపల ఒక లాకప్ క్లచ్ ఉంటుంది. నిలకడగా పోతున్నప్పుడు ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపేస్తుంది. దాని అట్ట అరిగినా, ఆయిల్ గుణం చచ్చినా, వేయకూడని ఆయిల్ వేసినా పట్టీ పట్టనట్టు పట్టుకుంటూ ఈ వణుకు పుట్టిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వెనక బండ్లు లేని ఖాళీ రోడ్డు కావాలి. వణుకు మొదలవగానే కుడికాలు కదపకుండా, ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని తాకండి. బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే, బండి నెమ్మదించకూడదు. బ్రేక్ స్విచ్ నుంచి సంకేతం అందగానే చాలా బండ్లలో లాకప్ వదిలేస్తుంది. ఆర్‌పీఎం కాస్త పెరిగి వణుకు ఆ క్షణమే మాయమైతే వేలు లాకప్ వైపు చూపిస్తున్నట్టు. పెడల్ గట్టిగా నొక్కారా, రెండూ ఒకేసారి తొక్కారని కంప్యూటర్ ఇంజిన్ పవర్ కోసేస్తుంది, పరీక్ష పాడవుతుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఇంజిన్ మిస్సింగ్ కొడుతున్నా ఇలాంటి వణుకే వస్తుంది, పైగా లాకప్ పట్టుకుని ఉన్నప్పుడే అది బాగా తెలుస్తుంది, లాకప్ వదలగానే మెత్తబడుతుంది. అంటే పాడైన ఇగ్నిషన్ కాయిల్ కూడా ఈ పరీక్షలో గేర్‌బాక్స్‌ని దోషిగా నిలబెట్టగలదు. అందుకే పరీక్ష అక్కడితో ఆపకూడదు. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఒక్కో సిలిండర్ మిస్సింగ్ లెక్క చూడాలి. ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ ఆర్‌పీఎం పక్కపక్కన పెట్టి చూడాలి. లాకప్ పూర్తిగా పట్టుకుంటే రెండింటి మధ్య తేడా సున్నా దగ్గర ఉంటుంది. వణుకుతున్నప్పుడు ఆ తేడా ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోందంటే అప్పుడు లాకప్ మాట అనొచ్చు. స్పార్క్ ప్లగ్గులతో పోయేదానికి కన్వర్టర్ దించిన సందర్భాలు మా వృత్తిలో లేవని నేను అనను.

స్కానర్ దగ్గరికే వచ్చాం కాబట్టి అది చెప్పేస్తాను. ఫోన్‌కి తగిలించుకునే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌నే చదువుతాయి. అందులో పి0700 అని కనిపిస్తే, గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉందని మాత్రమే అర్థం. ఫిర్యాదు ఏమిటో దాని లోపలికి వెళ్లగల స్కానర్‌తోనే తెలుస్తుంది. పి0731 నుంచి 0735 దాకా వస్తే ఒకటి నుంచి ఐదు గేర్లలో ఆ నంబరు గేరు లెక్క తప్పుతోందని, పి0741 వస్తే లాకప్ పట్టాల్సినంత పట్టడం లేదని, పి0715 వస్తే ఇన్‌పుట్ వేగం చూసే సెన్సర్ దారిలో తేడా అని. కోడ్ పేరులో సోలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) అని ఉన్నంత మాత్రాన సోలెనాయిడ్ మార్చేయొద్దు. వైరు తెగినా, కనెక్టర్‌లో నీళ్లు చేరినా అదే కోడ్ వస్తుంది. ఏ కోడ్ కనిపించినా ఫోటో తీసుకోండి, దాంతోపాటు ఆ కోడ్ పడిన క్షణాన కంప్యూటర్ దాచుకున్న వేగం, ఉష్ణోగ్రత అంకెల్నీ ఫోటో తీసుకోండి. ఆ తర్వాతే చెరపడం.

కోడ్ ఒక్కటీ లేకపోతే? పాత బండి కొన్నవాళ్లకి అప్పుడే అనుమానం రావాలి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు వేడెక్కి చల్లబడిందో చాలా బండ్లు లెక్క పెట్టుకుంటాయి, మామూలు స్కానర్‌లో కూడా ఆ అంకెలు కనిపిస్తాయి. లక్ష కిలోమీటర్ల బండిలో ఆ అంకె మీరు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లిన రోజు నుంచే మొదలైందనుకోండి, ఎవరో తుడిచారు. ఎందుకు తుడిచారన్నది వేరే సంగతి. మామూలు సర్వీసులో కూడా తుడుస్తారు, కొత్త బ్యాటరీ వేసినా కొన్నిటిలో సున్నా అవుతుంది. అదే చోట రెడీనెస్ అని ఉంటుంది, స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెబుతుంది. అన్నీ "పూర్తి కాలేదు" అని ఉంటే కొన్నాళ్లు నడిపి మళ్లీ చూడండి. దాక్కున్నవి ఉంటే వాటంతట అవే బయటికొస్తాయి.

బ్యాటరీ అన్నాను కదా. గేర్‌బాక్స్ మీద చెయ్యి వేసేముందు వోల్టేజీ చూడటం నాకు అలవాటు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులకు దగ్గరగా, నడుస్తున్నప్పుడు ఇంచుమించు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త తరం బండ్లలో ఆల్టర్నేటర్ కాస్త అటూ ఇటూ చేస్తుంది, అది వేరు. నీరసపడిన బ్యాటరీతో, లూజు ఎర్త్‌తో గేర్‌బాక్స్ కంప్యూటర్ లేనిపోని కోడ్‌లు పెట్టుకుని, ఒకే గేరులో ఇరుక్కుని నడిచే లింప్ మోడ్‌లోకి పోతుంది. పికప్ లేదు, మూడో గేరులోనే ఉండిపోయింది అంటూ తెచ్చిన బండి ఒక్కోసారి ఎర్త్ వైరు బిగిస్తే వెళ్లిపోతుంది.

ఇంజిన్ మౌంటింగులు, అంటే ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు కూడా ఇలాగే గేర్‌బాక్స్‌కి చెడ్డపేరు తెస్తాయి. గేరు వేయగానే ధడ్‌మని ఒక్క దెబ్బ, తర్వాత నడక శుభ్రంగా ఉంటే ముందు మౌంటింగులు చూడండి. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుని డి, ఆర్ మార్చి మార్చి వేస్తుంటే ఇంజిన్ ఎంత ఎగురుతోందో పక్కనుంచి చూడాలి. ముందు నిలబడి కాదు.

ఇప్పుడు ఆయిల్. చూడమన్నాను, మార్చమనలేదు. డిప్‌స్టిక్ ఉన్న బండి అదృష్టం. చాలావాటిలో వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా పార్క్‌లో పెట్టి చూడాలి. కొన్ని కంపెనీలవి ఇంజిన్ ఆపిన నిమిషంలోపు చూడాలి. ఆ తేడా తెలియక తక్కువుందని పోసేస్తారు. ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగకి ప్రెషర్ ఉండదు, మళ్లీ జారుడే. డిప్‌స్టిక్ లేనివాటిలో బండిని సమంగా లేపి, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో ఉండగా ప్లగ్ విప్పి చూడాలి. చాలావాటికి ఆ ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. స్కానర్ లేకుండా కేవలం చేత్తో ముట్టుకుని "సరిపోయింది" అనేవాళ్లని నమ్మకండి.

తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి చూడండి. ముదురు రంగు ఒక్కదానికే భయపడొద్దు, వాడిన ఆయిల్ ముదురుతుంది, కొన్ని కొత్తవి అసలు ఎర్రగానే ఉండవు. నల్లగా ఉండి, మాడు కంపు కొడుతూ, వేళ్ల మధ్య గరుకుగా తగిలితే క్లచ్ అట్టలు కాలాయి. పాలు కలిపిన గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ దగ్గర కూలంట్ కలుస్తోంది, ఆ బండిని ఇంక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. చాంబర్ (గేర్‌బాక్స్ కింద ఉండే ఆయిల్ తొట్టి) విప్పితే లోపలి అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటుంది, అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే రజను, ఇత్తడి తళుకు కనిపిస్తే లోపల ఏదో తినేస్తోంది. అందుకే మార్పించే రోజున మీరు దగ్గరుండండి, చాంబర్ కడగకముందు చూపించమనండి.

"జీవితాంతం మార్చనక్కరలేని ఆయిల్" అని రాసుంటుంది కొన్నిటికి. ఎవరి జీవితమో రాయరు. (నవ్వులు)

మార్చాల్సి వస్తే వంపి పోసే పద్ధతి చాలు, బాక్స్‌లో కొంత పాత ఆయిల్ మిగిలినా సరే. చరిత్ర తెలియని బండికి మెషిన్ పెట్టి ప్రెషర్‌తో కడగడం నాకు ఇష్టం లేదు. పోసే ఆయిల్ ఆ గేర్‌బాక్స్‌కి రాసినదే అయి ఉండాలి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు, పుల్లీలు పాడవుతాయి. "అన్నిటికీ పనికొస్తుంది" అన్న డబ్బా చూస్తే నేను పక్కకి పెడతాను.

సరే, మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అన్నా, నేను టెస్ట్ డ్రైవ్ చేసినప్పుడు చాలా బాగుంది. రెండు వారాలకే మొదలైంది. అమ్మినాయన మోసం చేసినట్టేనా?

అలా తేల్చేయలేం. ఆయన బండిని రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకి నడిపి ఉంటే గేర్‌బాక్స్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కి ఉండదు, వేడెక్కితే వచ్చే జబ్బు ఆయనకే తెలిసి ఉండదు. మీరు హైవే ఎక్కించారు, బయటపడింది. ఇంకోటి, అమ్మేముందు ఎవరైనా నేర్చుకున్న లెక్కలు రీసెట్ చేసి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు బానే నడిచి మళ్లీ పాత దారి పడుతుంది. ఇందాక చెప్పిన కిలోమీటర్ల అంకె చూడండి, దాన్నిబట్టి మాట్లాడండి.

ప్రశ్న: బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం ఎంతదాకా పోతుందో చూస్తే క్లచ్ సంగతి తెలుస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. చేయొచ్చా సార్?

వద్దమ్మా. స్టాల్ టెస్ట్ అంటారు దాన్ని. చేస్తే ఐదు సెకన్లు దాటకూడదు, ఆ కొద్ది సెకన్లలోనే ఆయిల్ విపరీతంగా కాగిపోతుంది. బండి ముందుకు దూకే ప్రమాదం సరేసరి. సీవీటీ, డీసీటీల్లో ఆ ఊసే ఎత్తకండి. ఆ పరీక్ష చెప్పే సంగతి స్కానర్‌లో ఆర్‌పీఎం తేడాలు చూసి తెలుసుకోవచ్చు.

ప్రశ్న: దారిలో గేరు పూర్తిగా జారిపోతే మెల్లగా లాక్కుని ఇంటిదాకా వెళ్లొచ్చా? లేకపోతే ఇంకో బండికి తాడు కట్టి...

రెండూ వద్దు. ఆర్‌పీఎం లేస్తూ బండి కదలడం లేదంటే మీరు తొక్కే ప్రతి నిమిషం క్లచ్‌ని కాలుస్తున్నారు, ఆ పొడి ఆయిల్‌ని క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోకి పోతోంది. చిన్న పని పెద్ద పని అయ్యేది అక్కడే. ఇక తాడు సంగతి: చాలా ఆటోమేటిక్‌లలో ఆయిల్ పంపుని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆపి లాగుతుంటే చక్రాలు లోపలి గేర్లని తిప్పుతూనే ఉంటాయి, వాటికి ఆయిల్ మాత్రం అందదు. నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ పిలవండి. అది వచ్చేలోపు బండి ఏం చేసిందో, ఎంత వేగంలో, ఏ గేరులో, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం డ్రైవర్ చేతికి ఇవ్వకుండా బండిని షెడ్డుకి పంపకండి.